తోడుగింజ

“ఆ సంచి ఎక్కడుండేదో చూపించండి,” అన్నాను.

కుక్కుటేశ్వరరావు గోడౌన్ చివరిదాకా నడిచి, ఒక మూల నేలని వేలితో చూపించాడు. “ఇక్కడేనండి మేడం గారూ. కంపెనీ వాళ్ళ మూల విత్తనం సంచి. రాత్రి తాళం వేసినప్పుడు ఉందండి. పొద్దున్న తీసి చూస్తే లేదండి.”

భీమవరంలో ఈయనకి పక్కపక్కనే రెండు షాపులు. ఒకదాంట్లో రొయ్యల మేత అమ్ముతాడు, రెండోదాంట్లో వరి విత్తనాలు అమ్ముతాడు. రొయ్యల చెరువుల ఉప్పునీటికి ఊరి పక్క మళ్ళు చౌడెక్కుతుంటే, చౌడుకి తట్టుకునే విత్తనం కావాలని రైతులు రెండో షాపుకి వస్తారు. బిడ్డని గిల్లి ఉయ్యాల ఊపడమంటే ఇదే. నన్ను లోపలికి తీసుకొచ్చే ముందు నా ఫోను కౌంటర్ మీద పెట్టించాడు. లోపల మందులున్నాయి, సెల్లు పనికిరాదన్నాడు. నేను నమ్మినట్టు తలూపాను. పోలీసు ఉద్యోగంలో నేర్చుకున్న మొదటి విద్య అది.

నా పేరు జ్ఞానమ్మ. హెడ్ కానిస్టేబులుగా ఉద్యోగం వదిలేసి, రాజమండ్రిలో ఒక స్వీటు షాపు మేడ మీద డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు కట్టాను. వచ్చేవన్నీ పెళ్ళి ఎంక్వయిరీలే. అబ్బాయి తాగుతాడా, అమ్మాయికి ఇదివరకు సంబంధం ఉందా, ఇవే. వడ్ల కోసం నా దగ్గరికి మనిషి రావడం ఇదే మొదటిసారి.

సముద్రం ఒడ్డున చినపర్రపాలెంలో రత్తమ్మ అని ఉంది. చేపల వేట మీద బతికే కుటుంబం. ఏటిగట్టు పక్క ఆవిడకి చిన్న చెక్క భూమి, అందులో ఆ ఇంటివాళ్ళు తరతరాలుగా పండించే వరి రకం ఒకటి. గంగబుడమ అంటారు. పోటు నీళ్ళు మడిలోకొచ్చి నిలబడినా చావదు. దాన్ని రైతు రకంగా తన పేర రిజిస్టరు చెయ్యమని రత్తమ్మ దరఖాస్తు పెట్టింది. అదే సమయంలో వరిష్ఠ సీడ్స్ అనే కంపెనీ, ‘వరిష్ఠ గోల్డ్’ అనే రకం మేము ఆరేళ్ళు కష్టపడి తయారు చేశామని తన దరఖాస్తు తను పెట్టింది. రెండూ ఒకే వడ్లు.

రత్తమ్మ దరఖాస్తుతో పంపిన నమూనా మొలకెత్తలేదట. అందుకని సోమవారం ఢిల్లీ నుంచి అధికారులు వచ్చి, ఆవిడ ఇంట్లో ఉన్న విత్తనం చూసి, కొత్త నమూనా పట్టుకెళ్ళాలి. ఈలోగా కుక్కుటేశ్వరరావు గోడౌన్లో కంపెనీ సంచి పోయిందని కేసు పెట్టారు. ఆ సంచి రత్తమ్మ కొడుకు లోవరాజు నడిపే ఐసు ఆటోలో దొరికింది. దొంగసొత్తు కింద ఇంట్లో వడ్లన్నీ పోలీసులు ఎత్తుకెళ్ళారు, గుమ్మానికి కట్టిన వరి కుచ్చుతో సహా. కొడుకు దొంగ అని తేలితే తల్లి విత్తనమూ దొంగదే అవుతుంది. చూపించడానికి విత్తనం లేకపోతే ఆ దరఖాస్తు చిత్తు కాగితం. ఇవాళ శనివారం.

నేను వంగి నేల తడిమాను. ఒట్టి సిమెంటు. పక్కనే మేత సంచులు, గుప్పుమని చేపపొడి వాసన. తలెత్తితే పైన రేకుకి చిల్లు, అందులోంచి నా భుజం మీదకి ఎండ పడుతోంది.

“విత్తనాల వ్యాపారం ఎన్నాళ్ళ నుంచండీ?”

“మా తాతగారి నుంచండి,” అన్నాడు, కొంచెం గర్వంగా.

“అటుపక్క గోడకి దూరంగా వరసలో ఉన్నవేంటి?”

“విత్తనాలేనండి. ఈ వానాకాలం సార్వాకి వచ్చిన స్టాకు.”

“చెక్కల మీద పెట్టారే?”

“నేల చెమ్మ తగిలితే మొలక పోతుంది కదండీ.”

“మరి మేతకి అంత దూరంగా ఎందుకండీ?”

“మేత వాసనకి ఎలకలొస్తాయండి. మేత పక్కన విత్తనం ఎవరైనా...” అంటూ ఆగిపోయాడు.

నేను తొందరపడలేదు. ఆయన నుదుటి మీద చెమట పట్టేదాకా నిలబడ్డాను.

“మామూలు సంచుల్ని చెక్కలెక్కించారు. కంపెనీ గింజ గింజా బంగారమని చెప్పే సంచిని మాత్రం చిల్లు రేకు కింద, ఒట్టి నేల మీద, ఎలకల నోటి ముందు పడుకోబెట్టారా? మీ తాతగారు చూస్తే ఏమనేవారండీ?”

“ఆ రోజు హడావుడిలో...”

“కుక్కుటేశ్వరరావు గారూ, మీరు వ్యాపారంలో ఎన్ని అబద్ధాలైనా ఆడి ఉంటారు. విత్తనాన్ని నేల మీద పెట్టే అలవాటు లేదు కాబట్టి, ఈ అబద్ధానికి చోటు చూపించడం చేతకాలేదు. అక్కడ ఐసు బండి కుర్రాణ్ణి కోర్టుకి కూడా పంపకుండా సెల్లులో కూర్చోబెట్టారు. వాడి తల్లి స్టేషను గోడకి చేరబడి కూర్చుంది. నిజం చెప్పండి.”

ఆయన తలుపు వైపు చూసి, గొంతు బాగా తగ్గించాడు. “ఆ సంచి నా గోడౌన్‌కి రాలేదండి. అసలు నేను కళ్ళతో చూడలేదు. కంప్లైంటు రాసి తెచ్చారు, సంతకం పెట్టమన్నారు. పెట్టానండి.”

“ఎవరు తెచ్చారు?”

“ప్రేమ్ కుమార్ గారండి. కంపెనీ విజిలెన్స్ ఆయన.”

“ఇదే మాట కోర్టులో చెప్తారా?”

“బాబోయ్! డీలర్‌షిప్ పోతుందండి. మీరెవరి ముందు అడిగినా నేను చెప్పలేదనే చెప్తాను. అందుకేగా ఫోను బయట పెట్టించింది,” అన్నాడు. భయంలోనూ ఆ తెలివి పోలేదు పెద్దమనిషికి.

ఒళ్ళు మండింది. అయినా ఒకటి తేలింది. లోవరాజు దొంగ కాదు. సంచిని వాడి ఆటోలో పెట్టారు. ఇప్పుడు తేలాల్సింది ఇంకొకటి: గంగబుడమ కంపెనీ చేతికి ఎలా వెళ్ళింది?

కౌంటర్ మీద నా ఫోను అదేపనిగా మోగుతోంది. రమ్యశ్రీ.

ఈ కేసు నాకు ఇచ్చింది ఈ అమ్మాయే. అగ్రికల్చర్ బీయెస్సీ చదివి, రాజమండ్రిలో దేశీ విత్తనాల సంఘం నడుపుతోంది. రత్తమ్మ దరఖాస్తు దగ్గరుండి రాసిందీ, ఆ నమూనా పంపిందీ అంతా తనే. లోవరాజుని పట్టుకెళ్ళిన మర్నాడే ఏడుపు ముఖంతో మా ఆఫీసు మెట్లెక్కింది.

“ఆంటీ, ఎక్కడున్నారు? ఇందాకటి నుంచి చేస్తున్నాను.”

“గోడౌన్ దగ్గరున్నానమ్మా, రోడ్డు మీదకొచ్చాను. లోవరాజు కేసు కట్టుకథ. డీలరు నా ముందు ఒప్పుకున్నాడు. బయట మాత్రం ఒప్పుకోడు.”

“అవునా ఆంటీ, మంచిది. మరి విత్తనం సంగతి తెలిసిందా? రత్తమ్మ గారు ఏమైనా మిగిల్చుకున్నారా? నేనడిగితే ఆవిడ నోరు విప్పడం లేదు.”

రత్తమ్మ నాకు విప్పింది. పొద్దున్న స్టేషన్లో పాత పరిచయం వాడుకుని ఆవిణ్ణి కొడుకు దగ్గరికి పంపించాను. వాడికి తన చేత్తో అన్నం కలిపి పెట్టి, బయటికొచ్చాక నా చెవి దగ్గరకొచ్చి చెప్పింది. పోలీసులు రాకముందే ఒక కుండెడు విత్తనం తీసి చెల్లెలు బేబీ ఇంటికి పంపిందట. ఎండుచేపల పాకలో, ఉట్టి మీద, రొయ్యపప్పు కుండ కింద ఉంది. ‘ఎవరికీ సెప్పకమ్మగారూ’ అంది. ఈ ఎవరికీలో నా క్లయింటు కూడా ఉంటుందని నాకు తోచలేదు.

చెప్పాను.

రమ్యశ్రీ గబగబా అంది, “అక్కడ ఉంచితే డేంజర్ ఆంటీ. ప్రేమ్ కుమార్ మనుషులు పాలెం అంతా వెతుకుతున్నారు. నేనే వెళ్ళి తెచ్చి మా ఆఫీసు బీరువాలో పెడతాను. సోమవారం నేరుగా అధికారుల ముందు పెడదాం.”

“శుభం. వెంటనే బయల్దేరు,” అన్నాను. ఒక బరువు దిగిందనిపించింది.

కంపెనీ ట్రయల్ ఫారం నరసాపురం రోడ్డు మీద ఉంది. నేను గేటు జోలికి పోలేదు. కాలువలు కట్టేసిన రోజులు కాబట్టి, ఎండిన కాలువ అడుగునే నడుచుకుంటూ ఫారం వెనక్కి చేరి గట్టెక్కాను. గట్టు కంపెనీది కాదు, ప్రభుత్వానిది. అక్కడ నిలబడే హక్కు గేదెకి ఎంతుందో నాకూ అంతుంది.

దాళ్వా, అంటే ఏడాదిలో రెండో పంట, కోతలైపోయి చేలో మోళ్ళు మాత్రం మిగిలాయి. చుట్టూ తిరిగి చూశాను. మందు డబ్బాలు, చిరిగిన పట్టాలు, వరసల నంబర్లు రాసిన ప్లాస్టిక్ చీటీలు, మోటారు షెడ్డు. షెడ్డు వెనకాల గట్టు వాలులో ఎండిపోయిన వరి మొక్కల కుప్ప ఒకటి ఉంది. గడ్డి కుప్ప అనుకుని దాటబోయి, ఒకటి లాగి చూశాను.

వేళ్ళతో సహా వచ్చింది.

కోసిన గడ్డికి వేళ్ళుండవు. ఇవి పీకి పారేసిన మొక్కలు. విత్తనం కోసం వేసిన చేలో జాతి తేడాగా కనబడ్డ మొక్కని కోతకి ముందే కూలీలు పీకి గట్టు మీద పడేస్తారు. కేళీలు తీయడం అంటారు దాన్ని. కేళీలు ప్రతి చేలోనూ ఉంటాయి, దేనికదే ఒక రకంగా ఉంటుంది. ఈ కుప్పలో ఉన్నవన్నీ ఒకటే రకం. నల్లటి వడ్లు, వడ్ల కొసన వేలెడు పొడుగు మీసాలు. పొద్దున్న స్టేషన్లో సీజ్ చేసిన సంచుల పక్కన రత్తమ్మ గుమ్మం కుచ్చు పడి ఉంది. అదీ నల్లదే. దానికీ ఇవే మీసాలు.

ఫోటోలు తీశాను. గింజలున్న వెన్నులు గుప్పెడు తెంపి హ్యాండ్‌బ్యాగులో కుక్కాను. గట్టు కింద జీపు ఆగిన చప్పుడైంది. ఎందుకో తోచి, ఒక వెన్ను మీసాలు విరగకుండా మడిచి కొప్పులో దోపుకుని, పైట తలమీదికి లాక్కున్నాను.

“జ్ఞానమ్మ గారూ! ఈ ఎండలో ఏంటండి ఈ అవస్థ?”

ప్రేమ్ కుమార్ గట్టెక్కాడు. ఒకప్పుడు ఈయన ఎస్సై, నేను ఆయన హెడ్ కానిస్టేబుల్. కేసు డైరీలు నేను రాసేదాన్ని, సంతకం ఆయన చేసేవాడు. ఒక కేసులో సాక్ష్యం మాయమై ఆయన ఉద్యోగం ఊడింది. ఇప్పుడు అదే పనికి కంపెనీ కారూ జీపూ ఇచ్చి పోషిస్తోంది.

“గాలి కోసం వచ్చానండి ఎస్సై గారూ.”

“ఎస్సై కాదు, విజిలెన్స్ మేనేజర్.”

“పేరు మారింది, పని అదేగా.”

ఆయన నవ్వాడు. “మీకు పెళ్ళి ఎంక్వయిరీలే నయం. ల్యాబ్ రిపోర్టు చూశారా? రత్తమ్మ ఇంట్లో వడ్లూ మా వడ్లూ ఒకటే.”

“ఒకటే అని నేనూ ఒప్పుకుంటాను. ఎవరి ఇంటి నుంచి ఎవరి ఇంటికి వెళ్ళాయో మీ ల్యాబ్ చెప్పలేదుగా?”

“సంచి దొరికింది కుర్రాడి ఆటోలో.”

“సంచి పోయిందని మీరు కేసు పెట్టింది పది రోజుల కిందట. ఈ నల్ల మొక్కలు మీ చేలో పీకింది దాళ్వా కోతకి ముందు. రత్తమ్మ ఇంటి మొక్క, దొంగతనం కన్నా ముందే మీ చేలోకి ఎలా నడిచొచ్చిందండీ?”

“అది అడవి వరి. కలుపు. ఎవరి చేలోనైనా ఉంటుంది.”

బ్యాగులోంచి ఒక వెన్ను తీసి అరచేతిలో కొట్టాను. గట్టిగా మూడుసార్లు కొట్టాను. ఒక్క గింజ రాలలేదు.

“అడవి వరి చెయ్యి తగిలితే రాలిపోతుంది. అదే దాని గుణం. ఇవి రెండు నెలలుగా ఎండలో పడున్నా వెన్నుని వదల్లేదు. ఎవరో ఏళ్ళ తరబడి ఏరి దాచుకున్న వడ్లండీ ఇవి. ఇంకో మాట. ఆరేళ్ళు శుద్ధి చేసిన రకమంటున్నారు. ఆరేళ్ళ తర్వాత చేలో ఇంత కుప్ప కేళీలుంటాయా? ఇది బయటి నుంచి తెచ్చి మొదటిసారి వేసిన విత్తనం.”

ప్రేమ్ కుమార్ మొహంలో నవ్వు పోయింది. రెండడుగులు ముందుకేసి నా చేతిలో బ్యాగు లాక్కున్నాడు. లాక్కున్నాడంటే మర్యాదగా కాదు, పట్టీ తెగింది. లోపలున్న వెన్నులన్నీ కుప్ప మీద దులిపి, జేబులోంచి లైటరు తీశాడు.

“చెత్త తగలెట్టుకుంటే నేరం కాదు కదా జ్ఞానమ్మా.”

గారు పోయింది. పాత రోజులు గుర్తొచ్చి ఉంటాయి. ఎండుగడ్డి భగ్గుమంది. అడ్డం పడబోతే మోచేత్తో తోశాడు. గట్టు మీద కూలబడి, నల్లటి మీసాలు చిటపటమంటూ కాలిపోవడం చూస్తూ కూర్చున్నాను. ఫోనులో ఫోటోలున్నాయి. ఫోటో మొలకెత్తదు. గాలి వాలు మారి పొగ కళ్ళలోకి వచ్చింది, నేను మాత్రం కొప్పు మీద చెయ్యి వెయ్యలేదు.

“ఇంటికెళ్ళండి,” అన్నాడు మళ్ళీ మర్యాదగా, లైటరు జేబులో వేసుకుంటూ. “సోమవారం మా దరఖాస్తు మీ ఎదురుగానే చదువుతారు. అందులో రకాన్ని తయారుచేసిన బ్రీడర్ పేరు ఉంటుంది. మీకు తెలిసిన పేరే.”

గడియారం చూసుకుని, ఈల వేస్తూ జీపెక్కాడు.

నాకు ఒకటి మింగుడు పడలేదు. వారం రోజులుగా ఈయన మనుషులు మిగిలిన విత్తనం కోసం పాలెంలో ఇల్లిల్లూ గాలిస్తున్నారని రమ్యశ్రీ చెప్పింది. నన్ను ఒంటరిగా దొరకబుచ్చుకుని, బ్యాగు కూడా లాక్కున్న మనిషి, ‘కుండెక్కడ’ అని ఒక్కసారైనా అడగలేదు.

స్టేషన్ చేరేసరికి రత్తమ్మ గోడ నీడలోనే కూర్చుని ఉంది. ఒళ్ళో ఖాళీ క్యారేజీ. వేట నిషేధం కాలం. పడవ ఒడ్డున బోర్లా పడుంది, ఐసు ఆటో స్టేషన్ ఆవరణలో పడుంది, కొడుకు లోపలున్నాడు. ఆ కళ్ళలో నిద్ర లేదు.

“ఏమన్నా తెలిసిందా అమ్మగారూ?”

నేను పక్కన కూర్చుని, కొప్పులోంచి వెన్ను తీసి చేతిలో పెట్టాను.

ఆవిడ దాన్ని చూసిన తీరు నేను మర్చిపోలేను. తప్పిపోయిన పిల్ల సంతలో కనిపిస్తే తల్లి ముందు కోప్పడుతుంది చూడండి, అలా చూసింది. “ఇదెక్కడిది? ఇది మా తోడుగింజ! ఎవరు తెచ్చేరు దీన్ని?”

“కంపెనీ చేలో, నడి మడిలోంచి పీకి పారేశారు. నీ ఇంట్లోంచి విత్తనం ఎవరో దొంగిలించి వాళ్ళకి అమ్మారు రత్తమ్మా. అది ఎవరో గుర్తు చేసుకో.”

ఆవిడ తల అడ్డంగా ఊపింది. “దొంగతనం కాదమ్మగారూ. దొంగిలిస్తే ఇది రాదు.”

“అంటే?”

“గంగబుడమ ఒక కుండ, తోడుగింజ ఒక కుండ. ఎప్పుడూ కలపం. మా మడిలో ఇది గట్టెంట మాత్రమే ఉంటాది, మీసాలకి పిట్టలు బెదురుతాయని. నడి మడిలో ఒక్క మొక్కుండదు. ఎవరికైనా ఇత్తనం ఇచ్చినప్పుడే దీన్ని గుప్పెడు కలిపి పోత్తాం. ఇత్తనం ఒంటరిగా గడప దాటకూడదని మా అత్త మాట. పుచ్చుకున్నోళ్ళు మొదటి పంటలో దీన్ని ఏరుకుని, గట్టుకి మార్చుకుంటారు. ఎర్రిబాగులోళ్ళు, పీకి పారేసేరా?”

కంపెనీ కూలీలకి అది కేళీ. దొంగ అయితే ఒక్క కుండే ఎత్తుకెళ్ళేవాడు, నల్ల గింజ కలిసేది కాదు. నడి మడిలో నల్ల గింజ మొలిచిందంటే ఆ విత్తనం దొంగిలించింది కాదు. రత్తమ్మ తన చేత్తో, తన గడపలో నిలబడి పోసింది.

“ఎవరికిచ్చావు?”

“ఇప్పుడెవరు పుచ్చుకుంటున్నారమ్మా! మా వోళ్ళంతా మళ్ళు రొయ్యల సెరువులకి ఇచ్చేసేరు. మా బేబీ కూడా ఇచ్చేసింది. గింజ నిలుపుకున్నది నేనొక్కదాన్నే. కలిపి పోసి సానా ఏళ్ళైంది.” కొంచెం ఆలోచించింది. “ఆయ్, మొన్న అట్లతద్దికి పోసేను కదా. రమ్యమ్మకి.”

“దరఖాస్తుతో పంపడానికా?”

“అది ఏరే మూటమ్మా. ఆపీసుకి పంపేది సుద్దంగా ఉండాలందని, ఒట్టి గంగబుడమే మూట కట్టి ఇచ్చేను, తోడు కలపలేదు. ఆ తరవాత మళ్ళీ వచ్చింది. తనకీ కావాలంది. ‘నీకు మడెక్కడిదమ్మా’ అంటే నవ్వింది. మెడమీది సున్నీ పరిచి ఒడి పట్టింది. ఆడకూతురు ఒడి పడితే లేదనకూడదు కదా. తోడు కలిపి పోసేను. ‘ఈ నల్లవేంటి’ అని కూడా అడగలేదు పిల్ల, అంత తొందరలో ఉంది.”

అట్లతద్దికి పోస్తే దాళ్వా నారుమడికి సరిగ్గా అందుతుంది.

నాకు అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి తగిలాయి. మొలకెత్తని మొదటి నమూనా పంపింది ఎవరు? ఆమే. వేయించి పంపిందో ఉడకబెట్టి పంపిందో ఆమెకే తెలియాలి. ప్రేమ్ కుమార్ చెప్పిన తెలిసిన పేరు ఎవరిది? ఆమెదే. నాకు చేసిన ప్రతి ఫోనులోనూ విత్తనం మిగిలిందా అనే అడిగింది గాని, లోవరాజు అన్నం తిన్నాడా అని ఒక్కసారి అడగలేదు. రత్తమ్మ నోరు విప్పలేదు కాబట్టి నన్ను పెట్టుకుంది. దొంగని పట్టడానికి కాదు, కుండ ఎక్కడుందో కనుక్కోవడానికి. నేను కనుక్కున్నాను. ఫీజు తీసుకుని మరీ కనుక్కున్నాను.

రమ్యశ్రీకి ఫోను చేశాను. స్విచాఫ్.

“బేబీ నంబరు చెప్పు రత్తమ్మా. తొందరగా.”

ఆవిడ నా మొహం చూసి బెదిరిపోయింది. చెప్పింది. రెండుసార్లు మోగాక ఎత్తారు. స్పీకరు పెట్టకుండా ఉండాల్సింది, తొందరలో వేలు ఎక్కడో తగిలింది.

“బేబీ, నేను జ్ఞానమ్మని. ఉట్టి మీద కుండ ఉందా? ఎవరొచ్చి అడిగినా ఇవ్వకు.”

“అదేంటండీ అమ్మగారూ! రమ్యమ్మ వచ్చిందిగా. మీరే పంపేరంట కదండీ. కార్లో ఇంకో ఆయన కూడా ఉన్నాడు, దిగలేదు. ఇందాకే ఎల్లిపోయేరు.”

“కుండ మొత్తం ఇచ్చేశావా?”

“ఆయ్. కొంచెం ఉంచుకుంటానమ్మా అన్నానండి. అంతా కావాలంది. ఒడి పట్టిందండి, లేదనకూడదు కదా. మా అక్క పంపిన నల్లగింజ మూట కూడా అందులోనే ఇప్పి పోసేసేను. ఒంటరిగా పంపకూడదని మా అక్క సెప్తాదండి.” ఆ గొంతులో మంచి పని చేసిన సంతోషం ఉంది. “ఏమైందండీ? సేరిందా మీకు?”

నేను ఫోను కట్టేశాను.

స్టేషన్ లోపల ఎవరో లోవరాజు పేరు పిలిచారు. ఇనుప తలుపు చప్పుడైంది. రత్తమ్మ అటు తిరగలేదు. ఒళ్ళో క్యారేజీ పక్కన పెట్టి, నల్ల వెన్నుని రెండు చేతులతోనూ పట్టుకుంది. ఆ ఇంటి విత్తనంలో ఆవిడ చేతిలో మిగిలింది అదొక్కటే. అది గంగబుడమ కాదు, దానికి తోడు వెళ్ళేది.

“కుండ అక్కడుందని ఆ పిల్లకి ఎవరు సెప్పేరమ్మగారూ?” అని అడిగింది.

కోపంగా అడగలేదు. నిజంగా తెలియక అడిగింది. అబద్ధం చెప్పడానికి నాకు బోలెడంత అనుభవం ఉంది, ఆ క్షణాన ఒక్కటీ నోటికి రాలేదు.

“నేనే రత్తమ్మా,” అన్నాను.